నెల తప్పకముందే: స్వయంప్రతిరక్షక వ్యాధులతో గర్భధారణ - జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నేపథ్యం

వ్యాససంగ్రహం

శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ శరీరం మీదికే తిరగబడినప్పుడు వచ్చే జబ్బులను స్వయంప్రతిరక్షక వ్యాధులు అంటారు. లూపస్, కీళ్లవాతం, హషిమోటో థైరాయిడ్ వ్యాధి ఈ కోవకు చెందినవి. ఇవి ఎక్కువగా స్త్రీలకు, అందులోనూ సంతానవయసులో ఉన్నవారికి వస్తాయి. ఈ జబ్బులున్న స్త్రీ ఎప్పుడు గర్భం దాల్చవచ్చు, ఏ మందు ఆపాలి, ఏది ఆపకూడదు, ఏ నెలలో ఏ పరీక్ష అవసరం అనే విషయాలను జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల పరిస్థితులతో జోడించి ఈ వ్యాసం వివరిస్తుంది. వైద్యుడి సలహా ఆమె మాట్లాడే తెలుగులోకి ఎలా చేరుతున్నదనే అంశాన్ని కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: స్వయంప్రతిరక్షక వ్యాధులు, గర్భధారణ, లూపస్, కీళ్లవాతం, థైరాయిడ్, వైద్యపరిభాష, మాతృఆరోగ్యం, ఉమ్మడి వరంగల్ జిల్లా.

1. ప్రవేశిక

తెలంగాణ పల్లెల్లో గర్భధారణను తెలిపే మాటలకు కొదవ లేదు. 'నెల తప్పింది', 'కడుపుతోని ఉన్నది', 'వట్టి మనిషి కాదు' అనేవి తొలి నెలలను తెలుపుతాయి. 'నెలలు నిండినయ్' అనేది చివరి దశను, 'నీళ్లాడింది' అనేది కాన్పును, 'బాలింత', 'పత్యం' అనేవి ఆ తరువాతి కాలాన్ని చెబుతాయి. నెల తప్పడానికి ముందున్న ఆరు నెలలకు మాత్రం ఈ పదజాలంలో పేరు లేదు. మాతాశిశు సంరక్షణ కార్డులోనూ ఆ ఆరు నెలలకు గడి లేదు. ఆశా కార్యకర్త గర్భిణి పేరును నమోదు చేయడం నెల తప్పిన తరువాతనే మొదలవుతుంది. ఆరోగ్యంగా ఉన్న స్త్రీ విషయంలో ఈ ఆలస్యం పెద్ద నష్టం కలిగించకపోవచ్చు. లూపస్ గానీ కీళ్లవాతం గానీ ఉన్న స్త్రీ విషయంలో ముఖ్యమైన నిర్ణయాలన్నీ ఆ పేరులేని ఆరు నెలల్లోనే తీసుకోవలసి ఉంటుంది.

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచి ఏర్పడ్డాయి. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు వేరయింది. మహబూబాబాద్‌లో 2022లోనూ, జనగామ, భూపాలపల్లిలో 2023లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. కాన్పు కోసం ఇదివరకటిలా ప్రతి కుటుంబమూ ఓరుగల్లు దాకా పోవలసిన అవసరం తగ్గింది. అయితే కీళ్లవాత, స్వయంప్రతిరక్షక వ్యాధుల ప్రత్యేక వైద్యం కోసం ఇప్పటికీ ఎక్కువగా హైదరాబాదు వైపే చూడవలసి వస్తున్నది. పంజాగుట్టలోని నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది. జనగామ, మహబూబాబాద్‌లకు రైలు సౌకర్యం ఉంది. భూపాలపల్లికి రైలు లేదు. పరకాల మీదుగా హనుమకొండ చేరడం తొలి మజిలీ. ఒకే జబ్బు, ఒకే మందు అయినా ఈ మూడు చోట్ల ప్రయాణం మూడు రకాలుగా ఉంటుంది.

2. కంచే చేను మేస్తే

'ఆటోఇమ్యూన్' అనే మాటకు తెలుగులో స్వయంప్రతిరక్షకం, స్వీయరోగనిరోధకం వంటి సమానార్థకాలు వాడుకలో ఉన్నాయి. పారిభాషిక పదాలుగా వీటిలో లోపం లేదు. పొలం నుంచి వచ్చిన స్త్రీకి మాత్రం ఇవేవీ అర్థం కావు. ఆమెకు అర్థమయ్యే మాట తెలుగులో ముందే ఉంది: కంచే చేను మేయడం. పశువులు రాకుండా వేసిన కంచె లాంటిదే రక్షణ వ్యవస్థ. అది సూక్ష్మజీవులను గుర్తుపట్టి ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. ఏ కారణం చేతనో అది తన కణాలనే పరాయివిగా పొరబడినప్పుడు కీళ్లపొర, చర్మం, మూత్రపిండాలు, థైరాయిడ్ గ్రంథి దాని దాడికి గురవుతాయి. ఇది అంటువ్యాధి కాదు, ఎవరి తప్పువల్లా వచ్చేది కాదు. ఈ రెండు మాటలను అత్తవారింట్లో చెప్పగలిగితే సగం సమస్య తీరుతుందని అనుకోవచ్చు.

భాష దగ్గర అసలు చిక్కు మందుల పేర్లలో వస్తుంది. ఈ జబ్బులకు వాడే మందులను 'రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు' అని అనువదిస్తున్నారు. కోవిడ్ తరువాత 'ఇమ్యూనిటీ' అంటే పెంచుకోవలసినదేనని పల్లెపల్లెకూ తెలిసిపోయింది. దాన్ని తగ్గించే బిళ్లను, అదీ కడుపుతో ఉన్నప్పుడు, ఎవరు వేసుకుంటారు? 'దారితప్పిన కంచెను అదుపులో పెట్టే మందు' అని చెబితే అదే స్త్రీ దాన్ని ఆపకపోవచ్చు. అనువాదం తప్పు కాకపోయినా ఫలితం తప్పుగా రావచ్చని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

వీటిలో నాలుగింటిని వేరువేరుగా గుర్తించాలి. మొదటిది కీళ్లవాతం. ఇది వయసు మీరినవారికి వచ్చే మోకాళ్ల అరుగుదల కాదు. పొద్దున లేవగానే చేతివేళ్లు గంటకు పైగా ముడుచుకోకపోవడం, రెండు చేతుల్లోని చిన్న కీళ్లూ వాయడం దీని లక్షణాలు. మాధవనిదానం 'ఆమవాతం' పేరుతో ఇలాంటి లక్షణాలనే వర్ణించింది. రెండవది లూపస్. దీని బారిన పడేవారిలో పదిమందికి సుమారు తొమ్మిది మంది స్త్రీలే. జ్వరం, కీళ్లనొప్పులు, జుట్టు రాలడం, ముక్కుకు ఇరువైపులా సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో ఎర్రటి మచ్చ, కొందరిలో మూత్రపిండాల వాపు దీని గుర్తులు. ఎండ తగిలితే ఇది పెరుగుతుంది. పత్తి ఏరే కాలంలో తెలంగాణ కూలి స్త్రీలు చీరమీద మగవారి నిండుచేతుల చొక్కా తొడుక్కొని తలకు తువ్వాల చుట్టుకుంటారు. ముళ్లకూ ఎండకూ వాళ్లు కనిపెట్టుకున్న ఈ ఉపాయం లూపస్ ఉన్న స్త్రీకి వైద్యుడు చెప్పే జాగ్రత్తతో సరిగ్గా సరిపోతుంది. మూడవది హషిమోటో వ్యాధి. 1912లో హకారు హషిమోటో అనే జపాను వైద్యుడు దీన్ని తొలిసారి వర్ణించాడు. 'థైరాయిడ్ తక్కువుంది' అని చెప్పుకునేవారిలో చాలామందికి మూలకారణం ఇదే. నాలుగవది యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్. దీనిలో రక్తం అనవసరంగా గడ్డకడుతుంది. మాయలోని రక్తనాళాలు దెబ్బతిని గర్భం నిలవదు. వరుసగా కడుపులు పోతున్న స్త్రీని ఊరు గాలికీ గ్రహానికీ అప్పగించేముందు ఈ ఒక్క రక్తపరీక్ష జరిగిందో లేదో చూడవలసి ఉంటుంది. పరీక్షలో దోషం కనిపిస్తే పన్నెండు వారాల తరువాత మళ్లీ చేసి నిర్ధారిస్తారు.

గర్భం ఈ జబ్బులన్నిటినీ ఒకే తీరుగా ప్రభావితం చేయదు. పిండంలో సగం తండ్రి వారసత్వమే కాబట్టి తల్లి రక్షణ వ్యవస్థ దాన్ని పరాయిదిగా చూడకుండా కొంత మెత్తబడుతుంది. అందువల్ల కీళ్లవాతం ఉన్న స్త్రీలలో సుమారు సగంమందికి గర్భకాలంలో నొప్పులు తగ్గుతాయి. అమెరికా వైద్యుడు ఫిలిప్ హెంచ్ 1938లో ఈ సంగతిని ప్రచురించాడు. గర్భిణి శరీరంలో ఏదో పదార్థం నొప్పిని తగ్గిస్తున్నదన్న అతని ఊహే వెతుక్కుంటూ పోయి కార్టిసోన్ దగ్గర ఆగింది. 1950లో నోబెల్ బహుమతిలో అతనికి భాగం దక్కింది. నేడు వాడే స్టెరాయిడ్ బిళ్ల కథ గర్భిణుల కీళ్లనుంచే మొదలయిందన్నమాట. లూపస్ మాత్రం గర్భకాలంలో ఇలా నెమ్మదిస్తుందని నమ్మడానికి వీలులేదు.

జనగామ జిల్లా బమ్మెర పోతన ఊరు. భాగవత ప్రథమస్కంధంలో ఉత్తర గర్భం మీదికి వచ్చిన అశ్వత్థామ అస్త్రం బయటిది, శత్రువుది. స్వయంప్రతిరక్షక వ్యాధిలో అస్త్రం తల్లి రక్తంలోనే పుట్టి మాయ దాటి బిడ్డను చేరుతుంది. తల్లికి ఈ సంగతి చెప్పవలసి వచ్చినప్పుడు ఆమె తప్పు లేదని ముందుగా చెప్పి, తరువాతే వివరించడం ధర్మం.

3. ఆరు నెలల లెక్క

లూపస్ ఉన్న స్త్రీ పిల్లలను కనవచ్చునా అన్న ప్రశ్నకు ఒకప్పుడు 'వద్దు' అనే సమాధానమే వినబడేది. ఇప్పుడు సమాధానం మారింది: కనవచ్చు, అయితే జబ్బు కనీసం ఆరు నెలలపాటు నెమ్మదించి ఉండాలి. నెమ్మదించడమంటే నొప్పి లేకపోవడం మాత్రమే కాదు. గర్భానికి పనికివచ్చే మందులతోనే జబ్బు అదుపులో ఉండాలి, రక్తపోటు సరిగా ఉండాలి, మూత్రంలో ప్రోటీన్ పోవడం ఆగాలి లేదా బాగా తగ్గాలి. జబ్బు చురుకుగా ఉన్నప్పుడు గర్భం దాల్చితే గుర్రపువాతానికి దారితీసే రక్తపోటు, నెలలు నిండకుండా కాన్పు, గర్భస్రావం, మూత్రపిండాలు దెబ్బతినడం వంటి ముప్పులు పెరుగుతాయి. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి తీవ్రంగా ఉన్నవారికి, గుండె లేదా మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి గర్భం వద్దనే వైద్యులు చెబుతారు. ఆ సంఖ్య తక్కువ. మిగిలినవారికి అది వాయిదా మాత్రమే.

వాయిదా వేయడం చెప్పినంత సులువు కాదు. పెళ్లయిన మూడో నెలనుంచే 'ఏమన్న విశేషమా?' అనే ప్రశ్న మొదలవుతుంది. జబ్బు సంగతి పెళ్లిచూపుల్లో చెబితే సంబంధం తప్పిపోతుందని దాచే కుటుంబాలున్నాయి. దాచినప్పుడు మందుల డబ్బా కూడా దాగవలసి వస్తుంది. కొన్నాళ్లకు మందులు ఆగిపోతాయి. జబ్బు తిరగబడేదీ, నెల తప్పేదీ ఆ సమయంలోనే. కాబట్టి ఈ సలహా భార్య ఒక్కదానికే ఇచ్చి పంపితే ప్రయోజనం తక్కువ. భర్త ఎదుట, వీలైతే అత్త ఎదుట కూడా చెప్పాలి.

ఎదురుచూసే కాలంలో గర్భనిరోధం అవసరం. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఉపకేంద్రాల్లో ఇచ్చే మాలా-ఎన్ బిళ్లలో ఈస్ట్రోజన్ ఉంటుంది. రక్తం గడ్డకట్టే స్వభావం ఉన్నవారికీ, లూపస్ చురుకుగా ఉన్నవారికీ అది తగదు. కాపర్-టి వీరికి మేలైన మార్గం. 'పిల్లలు కాకుండా ఏదో ఒక గోలీ' అనే ధోరణి ఇక్కడ పనికిరాదు.

4. ఆపే బిళ్ల, ఆపకూడని బిళ్ల

కడుపుతో ఉన్నప్పుడు మందులు పడవని తెలుగునాట గట్టి నమ్మకం. చాలా సందర్భాల్లో అది మంచి నమ్మకమే. స్వయంప్రతిరక్షక వ్యాధుల్లో మాత్రం అది ఒక బిళ్ల విషయంలో ప్రాణరక్షణ, మరో బిళ్ల విషయంలో ప్రమాదం. ఏది ఏదో ముందే తేల్చుకోవడాన్నే గర్భధారణ నిర్వహణలో ప్రధానభాగమని చెప్పవచ్చు.

ఆపవలసినవాటిలో మొదటిది మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి వారానికి ఒకసారి వేసుకునే ఈ బిళ్ల పిండానికి హానికరం, గర్భస్రావానికీ అవయవలోపాలకూ దారితీయగలదు. గర్భానికి ప్రయత్నించడానికి ఒకటి నుంచి మూడు నెలల ముందే దీన్ని మానాలి. ఈ మందు చరిత్ర తెలుగువారికి బాగా దగ్గరిది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనల్లో ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ జరిగింది. దానికి విరోధిగా పనిచేసే అమినోప్టెరిన్, ఆ తరువాత మెథోట్రెక్సేట్ కూడా అదే పరిశోధనశాలనుంచి వచ్చాయి. మొదట పిల్లల రక్తకేన్సరుకు వాడిన ఈ తరహా మందు తరువాత కీళ్లవాతానికి ప్రధాన చికిత్స అయింది. ఇంతకూ ఫోలిక్ ఆమ్లం అవసరాన్ని సూచించిన తొలి పరిశోధన కూడా గర్భిణుల మీదనే, అదీ భారతదేశంలోనే జరిగింది. లూసీ విల్స్ అనే వైద్యురాలు 1928 నుంచి బొంబాయి జౌళి మిల్లుల గర్భిణీ కార్మికుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టుసారంతో అది నయమవుతున్నదని 1931లో వెల్లడించింది. ఆ సారంలో ఉన్నది ఫోలిక్ ఆమ్లమేనని తరువాత తేలింది.

ఇంత వివరం ఎందుకంటే, పల్లెలోని స్త్రీ చేతిలో ఈ రెండు పసుపుపచ్చ బిళ్లలూ ఒకేసారి ఉంటాయి. మెథోట్రెక్సేట్ దుష్ప్రభావాలు తగ్గడానికి మిగతా రోజుల్లో ఫోలిక్ ఆమ్లం వేసుకోమని వైద్యులే రాస్తారు. గర్భానికి ముందు ఒకదాన్ని పూర్తిగా ఆపాలి, రెండోదాన్ని తప్పకుండా కొనసాగించాలి. 'మందులు మానేయండి' అనే ఒక్క మాటతో రెండూ ఆగిపోతాయి. 'వారం బిళ్ల ఆపండి, రోజూ వేసుకునేది ఆపకండి' అనడం సురక్షితం.

మైకోఫెనోలేట్‌ను కనీసం ఆరు వారాల ముందు ఆపి అజాథయోప్రిన్‌కు మార్చుకోవాలి. లెఫ్లునమైడ్ శరీరంలో చాలాకాలం నిలిచిపోతుంది కాబట్టి దాన్ని కడిగివేయడానికి వేరే మందు వాడతారు. రక్తపోటుకూ మూత్రపిండాలకూ వాడే రామిప్రిల్, ఎనలాప్రిల్ గర్భంలో తగవు. వాటి స్థానంలో లాబెటలాల్, నిఫెడిపిన్ వంటివి ఇస్తారు. రక్తం పలచబడడానికి వాడే వార్ఫరిన్ బదులు హెపారిన్ ఇంజెక్షన్ వస్తుంది. ఈ మార్పులన్నీ వైద్యుడు చేయవలసినవి. రోగికి తెలియవలసింది ఒక్కటే: మార్చడానికి వ్యవధి కావాలి, నెల తప్పాక ఆ వ్యవధి మిగలదు.

ఆపకూడనివాటిలో ముందు చెప్పవలసినది హైడ్రాక్సీక్లోరోక్విన్. ఇది మలేరియా మందుల కుటుంబానికి చెందినది. మహబూబాబాద్ జిల్లా గంగారం, కొత్తగూడ మండలాల అడవుల్లో, భూపాలపల్లి జిల్లా మహాముత్తారం, పలిమెల వైపు మలేరియా పాత పరిచయమే. క్లోరోక్విన్ పేరూ కొత్తది కాదు. దీంతో 'చలిజ్వరం లేదు గదా, ఈ గోలీ ఎందుకు?' అనే సందేహం సహజంగానే వస్తుంది. 2020లో కోవిడ్‌కు ఇది పనిచేస్తుందన్న ప్రచారంతో ఈ మందుకు గిరాకీ పెరిగి, ప్రభుత్వం అమ్మకాలపై ఆంక్షలు పెట్టింది. లూపస్ రోగులు దుకాణాల చుట్టూ తిరిగిన రోజులవి. నిజానికి లూపస్ ఉన్న ప్రతి గర్భిణికీ, తగని కారణమేదైనా ఉంటే తప్ప, ఈ మందు కొనసాగాలని 2020లో వెలువడిన అమెరికా రుమటాలజీ సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. దీన్ని ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. పాలిచ్చే కాలంలోనూ వాడవచ్చు. ఏళ్ల తరబడి వాడేవారు కంటి పరీక్ష చేయించుకోవాలి.

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను తక్కువ మోతాదులో వాడవచ్చు. మాయలోని ఒక ఎంజైము దీనిలో అధికభాగాన్ని నిర్వీర్యం చేయడం వల్ల బిడ్డకు సుమారు పదోవంతు మాత్రమే చేరుతుంది. మోతాదు పెరిగితే చక్కెర, రక్తపోటు పెరుగుతాయి. చాలాకాలంగా వాడుతున్నవారు ఒక్కసారిగా ఆపకూడదు. శరీరం సొంతంగా ఆ హార్మోను తయారుచేయడం మరిచిపోయి ఉంటుంది. ఏ పేరూ లేని పొట్లం గోలీలతో నొప్పులు తగ్గించుకున్న స్త్రీ తన లోపలికి ఎంత స్టెరాయిడ్ పోయిందో చెప్పలేదు. 'నొప్పుల గోలీలు వాడినవా?' అని అడగడం కన్నా 'ఏ సంచిలో ఉన్నయో తీసుకరా' అనడం వైద్యుడికి ఎక్కువ ఉపయోగపడుతుంది. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఇరవై వారాల తరువాత ఇవి ఉమ్మనీరును తగ్గించగలవు, చివరి మూడు నెలల్లో బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందుగానే మూసుకుపోయేలా చేయగలవు. ఊళ్లో చేయించుకునే నొప్పి ఇంజెక్షన్ చాలామటుకు ఇదే. నొప్పికీ జ్వరానికీ పారాసెటమాల్ ఉంది.

5. నెలల వెంట

థైరాయిడ్ లోపం ఉన్న స్త్రీకి నెల తప్పిన వెంటనే థైరాక్సిన్ అవసరం పెరుగుతుంది. తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి హార్మోను మీదనే ఆధారపడుతుంది. అందువల్ల వైద్యులు మోతాదును సుమారు పావువంతునుంచి మూడోవంతు దాకా పెంచుతారు. నెల తప్పితే వారానికి రెండు బిళ్లలు అదనంగా వేసుకొమ్మని కొందరికి ముందే చెప్పి ఉంచుతారు. ఇక్కడ ప్రభుత్వ పథకాలతో ఒక చిక్కుముడి పడుతుంది. రక్తహీనత తగ్గించడానికి నాలుగో నెలనుంచి 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న బిళ్ల 180 రోజులు ఇస్తారు. కాల్షియం బిళ్లలు రోజుకు రెండు. 2022 డిసెంబరులో మొదలైన పోషకాహార కిట్ల తొలి విడత తొమ్మిది జిల్లాల్లో భూపాలపల్లి ఒకటి. ఆ కిట్‌లో ఐరన్ సిరప్ కూడా ఉండేది. తెలంగాణ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత తేల్చింది కాబట్టి ఇవన్నీ కావలసినవే. అయితే ఇనుమూ, కాల్షియమూ థైరాయిడ్ బిళ్లను పేగుల్లో పట్టేసి రక్తంలోకి పోనివ్వవు. మూడింటినీ కలిపి పొద్దున్నే చాయ్‌తో మింగే స్త్రీకి మందులు వాడుతున్నా ఫలితం ఉండదు. వేకువన పరగడుపున థైరాయిడ్ బిళ్ల, కనీసం నాలుగు గంటల ఎడం తరువాత మధ్యాహ్నం భోజనంతో కాల్షియం, రాత్రి భోజనంతో రెండోది, రెండు గంటలాగి పడుకునేముందు ఐరన్ - ఇలా రోజును పంచుకోవాలి. నాట్లకో మిర్చి ఏరడానికో తెల్లవారకముందే లేచే స్త్రీకి తొలి బిళ్ల కష్టమేమీ కాదు. ఎడం ఎందుకో చెప్పేవారే ఉండాలి.

దీర్ఘకాలపు వాపువల్ల వచ్చే రక్తహీనత ఐరన్‌తో పూర్తిగా తగ్గకపోవచ్చు. లూపస్‌లో రక్తకణాలు చెదిరిపోవడం వల్ల కూడా రక్తం తగ్గుతుంది. సిరప్ తాగినా రక్తం పెరగలేదంటే 'తాగి ఉండదు' అని నిందించేముందు జబ్బు సంగతి కనుక్కోవాలి.

లూపస్ ఉన్నవారికీ, యాంటీఫాస్ఫోలిపిడ్ ప్రతిరక్షకాలు ఉన్నవారికీ పన్నెండో వారం దగ్గర మొదలుపెట్టి తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. పదహారో వారం దాటకముందే మొదలైతే గుర్రపువాతపు రక్తపోటును అది కొంతవరకు అడ్డుకుంటుంది. కడుపులు పోయిన చరిత్ర కూడా ఉంటే రోజూ హెపారిన్ ఇంజెక్షన్ తోడవుతుంది. పొట్టచర్మం కింద తనే పొడుచుకోవడం ఒకటి రెండు రోజుల్లో నేర్చుకోవచ్చు. కాన్పుకు ముందు ఎప్పుడు ఆపాలో మాత్రం ముందే నిర్ణయమై ఉండాలి.

యాంటీ-రో అనే ప్రతిరక్షకం ఉన్న తల్లుల బిడ్డల్లో సుమారు నూటికి ఇద్దరికి గుండె విద్యుత్ ప్రసారం దెబ్బతిని కొట్టుకోవడం మందగిస్తుంది. ఇది ఎక్కువగా పద్దెనిమిది నుంచి ఇరవయ్యారు వారాల మధ్య బయటపడుతుంది. ఆ కాలంలో బిడ్డ గుండె స్కానింగు అవసరం. ముందు బిడ్డకు ఇలా జరిగి ఉంటే తరువాతి కాన్పులో ముప్పు పెరుగుతుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ దాన్ని తగ్గిస్తుంది. కొందరు బిడ్డలకు చర్మం మీద మచ్చలు మాత్రమే వస్తాయి. తల్లినుంచి వచ్చిన ప్రతిరక్షకాలు కొన్ని నెలల్లో పోగానే అవీ పోతాయి. వాటికి మంత్రం వేయించినవారికి మంత్రమే ఫలించినట్టు తోచడం సహజం.

అయిదో నెల దాటాక రక్తపోటు పెరిగి, మూత్రంలో ప్రోటీన్ పోతే అది గుర్రపువాతపు ముందుదశా, లూపస్ తిరగబెట్టడమా అన్నది తేల్చడం నిపుణులకే కష్టం. మొదటిదానికి చివరి మందు కాన్పు, రెండోదానికి స్టెరాయిడ్. పొరపాటు పడితే బిడ్డను తొందరపడి బయటికి తీయడమో, తల్లి మూత్రపిండాలను పోగొట్టుకోవడమో జరగవచ్చు. పూరకప్రోటీన్ల పరీక్ష, మూత్రంలో రక్తకణాల పరిశీలన ఇక్కడ దారి చూపుతాయి. అందుకోసం గర్భం మొదట్లోనే చేయించిన పరీక్షల కాగితం దగ్గర ఉండాలి. పోల్చడానికి పాత అంకె లేకపోతే కొత్త అంకెకు అర్థం తక్కువ.

ప్రతినెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ శిబిరంలో ముప్పు ఉన్న గర్భిణి కార్డుపై ఎర్ర స్టిక్కరు అంటిస్తారు. కీళ్లవాతం ఉన్న స్త్రీ బయటికి ఆరోగ్యంగా కనిపించవచ్చు, గర్భంలో నొప్పులు తగ్గి మరింత హుషారుగానూ ఉండవచ్చు. ఆమె తనంతట తాను చెబితేనే ఎర్ర స్టిక్కరు పడుతుంది. చెప్పడానికి జబ్బు పేరు ఆమెకు తెలిసి ఉండాలి. మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడోవంతుకు పైగా గిరిజనులు. తండాల్లో ఇంటిభాష లంబాడీ, అడవి పల్లెల్లో కోయ. తెలుగులోనే నిలదొక్కుకోని ఈ పరిభాష అక్కడికి చేరేసరికి 'ఏదో రక్తం జబ్బు' అయిపోతుంది. తెలుగు పరిభాషాకారులు ఆలోచించవలసిన విషయమిది.

6. పుట్టింటికి పోయే ఫైలు

తొలి కాన్పు పుట్టింట జరగాలన్నది ఆచారం. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో కూతురిని తీసుకుపోతారు. మామూలు గర్భిణికి ఇది ఊరట. స్వయంప్రతిరక్షక వ్యాధి ఉన్న గర్భిణికి ఇది వైద్యుడు, ఆశా, ఆసుపత్రి ముగ్గురూ ఒకేసారి మారే ఘట్టం. సరిగ్గా రక్తపోటు ముప్పు పెరిగే నెలలివే. ఆచారం మానమనడం కన్నా దానికి తగిన ఏర్పాటు చేయడం ఆచరణసాధ్యం. చీరెసారెతో పాటు పరీక్షల ఫైలు, వాడుతున్న మందుల ఖాళీ అట్టలు, ఆపిన మందుల పేర్లు, కాన్పు ఎక్కడో రాసిన చీటీ పోవాలి. పుట్టిల్లు గంగారం, పలిమెల లాంటి దూరపు మండలంలో ఉంటే కాన్పు తేదీకి ముందే జిల్లా కేంద్రానికో, హనుమకొండకో చేరుకోవడం మేలు.

స్వయంప్రతిరక్షక వ్యాధి ఉన్నంతమాత్రాన ఆపరేషను కాన్పు తప్పనిసరి కాదు. తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లేనని అయిదవ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపింది. దేశంలో ఇదే అత్యధికం. జబ్బు పేరు వినగానే కోతకు సిద్ధపడడం ఈ ఒరవడిలో భాగంగానే చూడాలి. తుంటికీలు బాగా దెబ్బతిన్నప్పుడు, తల్లికో బిడ్డకో ప్రమాదమున్నప్పుడు సంగతి వేరు. చాలాకాలంగా స్టెరాయిడ్ వాడుతున్న తల్లి అయితే ఆ సంగతి కాన్పు గదిలోనివారికి ముందే తెలియాలి.

7. బాలింత నొప్పులు

గర్భంలో తగ్గిన కీళ్లవాతం కాన్పు తరువాత కొన్ని వారాల్లోనే తిరగబెడుతుంది. కొందరిలో అసలు మొదటిసారి బయటపడేదే అప్పుడు. చంటిబిడ్డను ఎత్తుకోలేకపోవడం, పాలిచ్చేటప్పుడు మణికట్టు నిలవకపోవడం, పొద్దున్నే గుడ్డలు పిండలేకపోవడం దాని రూపాలు. పల్లెల్లో దీన్ని 'బాలింతకు వాతం చేసింది', 'చల్లగాలి తగిలింది' అంటారు. చెవులకు గుడ్డ కడతారు, పత్యం బిగిస్తారు. కాన్పు తరువాత నడుమునొప్పి, ఒళ్లునొప్పులు అందరికీ ఉండేవే కావడం వల్ల అసలు జబ్బు ఈ మాటల చాటున నెలల తరబడి దాగిపోతుంది. తొలి నెలల్లోనే చికిత్స మొదలైతే కీళ్లు వంకరపోకుండా ఆపవచ్చు. వేళ్ల కణుపులు వాచి, పొద్దుటి బిగుతు గంటకు మించి, ఆరు వారాలైనా తగ్గకపోతే అది గాలి కాదు. రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ-సీసీపీ పరీక్షలు చేయించాలి.

పాలు మాన్పించమనే సలహా ఈ దశలో తరచుగా వినిపిస్తుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్, అజాథయోప్రిన్, తక్కువ మోతాదు ప్రెడ్నిసొలోన్, థైరాక్సిన్, హెపారిన్ వాడుతూ తల్లి పాలివ్వవచ్చు. మెథోట్రెక్సేట్, మైకోఫెనోలేట్, లెఫ్లునమైడ్ వాడేటప్పుడు మాత్రం ఇవ్వకూడదు. గర్భంలో పెంచిన థైరాయిడ్ మోతాదును కాన్పు కాగానే తగ్గించి, ఆరు వారాలకు పరీక్ష చేస్తారు. రక్తం గడ్డకట్టే ముప్పు కాన్పుతో తీరిపోదు. హెపారిన్ సాధారణంగా మరో ఆరు వారాలు కొనసాగుతుంది. ఇంటికి వచ్చాక పిక్క ఒకవైపే వాచి నొప్పిపెడితే 'పచ్చిబాలింత నడవొద్దు' అని పడుకోబెట్టకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి.

బిడ్డకు టీకాల కోసం ఆరు, పది, పద్నాలుగు వారాలకు తల్లి ఎలాగూ ఉపకేంద్రానికి వస్తుంది. ఆశా చేతిలో అప్పుడు ఉండేది బిడ్డ కార్డు. తల్లి వేళ్లు ముడుచుకుంటున్నాయా, మందులు మళ్లీ మొదలయ్యాయా, తరువాతి కాన్పు ఎప్పుడనుకుంటున్నది అని అడగడానికి ఆ మూడు రోజులూ తగిన రోజులు. పేరులేని ఆ ఆరు నెలలు రెండో బిడ్డ విషయంలో అక్కడినుంచే లెక్కలోకి వస్తాయి.